పదకొండు మిల్లీమీటర్లు

కట్ట తెగాక 41వ ఏడు, ఆషాఢ బహుళ తదియ

ఒప్పగింత ఉదయం తొమ్మిదికి, రత్నం నుంచి నాకు. పన్నెండు నీటిమట్టాలు. పన్నెండూ అందాయి.

విశేషాలు: లాకు తలుపుల గొలుసులకు గ్రీజు పెట్టాను. మూడో షట్టరు పళ్ళచక్రంలో ఉప్పు పేరుకుంటే గీకాను. బియ్యప్పడవ రాలేదు. ఉన్నవి పది రోజులకు సరిపోతాయి, ఒక్కడినే కాబట్టి.

ఈ గడిలో ఇంతకు మించి ఎవరూ రాయరు. ఇవాళ ఇంకొకటి రాస్తున్నాను. రత్నం తొమ్మిదో అంకె దగ్గర ఆగింది. ఆరు సెకన్లు. ఆగినప్పుడు కుడిచెయ్యి మెడ వెనక్కి పోయింది. పుర్రె అడుగున, జుట్టు మొదలయ్యే చోట, బొటనవేలితో నొక్కుకుంది.

ఆ చోటు నాకు తెలుసు.

ఆషాఢ బహుళ షష్ఠి

పన్నెండూ అందాయి. నది వైపు ఎర్రనీళ్ళు మొదలయ్యాయి. మంచినీళ్ళ మడుగు రుచి చూశాను, బాగానే ఉంది.

ఒప్పగింత అయ్యాక రత్నం ఇంటికి వెళ్ళలేదు. బురుజు కింద ఉన్న బల్ల మీద కూర్చుంది. కూర్చున్నది కాస్తా పక్కకు ఒరిగి పడుకుంది. పూర్తి పేరు నూకరత్నం. ఇరవై తొమ్మిదేళ్ళు. వలలవాళ్ళ పిల్ల. నా భార్య తాయారు పోయిన ఖాళీలోకి వచ్చింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"బానే ఉందండి. రెండు నిమిషాలు నడుం వాల్చి లేత్తాను. ఎవరూ సూడరు గదండి?"

"నేను చూస్తున్నాను."

"మీరు సూత్తే పర్లేదండి బాబాయిగారూ. మీరు దేన్నీ సూసినట్టుండరు."

నవ్వింది. నవ్వు మధ్యలో ఆగి కళ్ళు గట్టిగా మూసుకుంది. అరనిమిషం పట్టింది తెరవడానికి.

"నవ్వితే కొడతంది. దగ్గినా అంతే. ఎనకాల ఎవరో మేకు పెట్టి సుత్తితో కొట్టినట్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది కాడ్నుంచండి. నెప్పిదేముంది, అలవాటైపోద్ది. మాటలే రావట్లేదు. నిన్న కూరలో ఏసేదాని పేరు రాలేదు. ఎర్రగా ఉంటది, కారంగా ఉంటది. మా అత్తని సైగ చేసి అడిగాను. మిరపకాయే తల్లీ అంది. పొద్దున్నించీ పేటంతా తిరిగి సెప్పుకుంటంది."

లేచేటప్పుడు గోడ పట్టుకుంది. నేను చెయ్యి ఇవ్వలేదు. అడగలేదు కాబట్టి. తర్వాత ఇవ్వాల్సింది అనిపించింది.

ఆషాఢ బహుళ నవమి

అందింది, తప్పుతో. పదో అంకె, పదకొండో అంకె తారుమారు. పట్టిన సమయం రెండు నిమిషాల పది సెకన్లు. రత్నానికి ఒకటో తప్పు. రాసింది నేను.

ఈ పేజీలు మెరక మీది పై అధికారులు ఎవరైనా చదవాల్సి రావచ్చు. కాబట్టి మా పని గురించి నాలుగు మాటలు.

కట్ట తెగక ముందు నీటిమట్టాలు యంత్రం చూసుకునేది. మట్టి పూడుకుపోయి మూగబోయిన గేజీల అంకెల్ని అది సొంతంగా ఊహించి నింపింది. అన్నీ నునుపుగా, నమ్మేలా ఉన్నాయి. మూడు ఊళ్ళు పోయాక బయటపడింది. అప్పటి నుంచి లాకులో ప్రతి అంకెనూ మనిషి చూడాలి, మనిషి చెప్పాలి, మనిషి వినాలి. బురుజు మీద ముప్ఫై అడుగుల ఎత్తున పన్నెండు గడియారాలు ఉంటాయి. అవి చూపేది నీటిమట్టం. ముళ్ళున్నాయి కాబట్టి గడియారాలంటాం. వంతు దిగేవాళ్ళు కింద నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి పన్నెండూ చూడాలి. తర్వాత ఎక్కేవాళ్ళ వైపు తిరిగి, నీళ్ళ హోరు మీద వినబడేలా అరిచి, వరసగా ఒప్పజెప్పాలి. తొంభై సెకన్లు. వినేవాళ్ళు "అందింది" అంటే అయిపోయినట్టు. తప్పుంటే రాయాల్సింది కూడా వినేవాళ్ళే. ఏడాదిలో మూడు తప్పులు పడితే పేరు పక్కన "మతి సడలింది" అని రాసి మెరక మీద శిబిరానికి పంపుతారు. ఒక ట్రంకుపెట్టె పట్టుకెళ్ళవచ్చు.

రత్నం పుస్తకంలోకి తొంగి చూసింది.

"రాసేశారాండి?"

"రాశాను."

"రాయాలి గదండి." బల్ల మీద కూర్చుంది. "అంకెలన్నీ లోపలే ఉన్నాయి బాబాయిగారూ. ఒక్కోటీ రమ్మంటే రావు. గుమ్మం కాడ అన్నీ ఒక్కసారే తోసుకొచ్చేత్తన్నాయి. ఏది ముందో నాకు తెలీదు."

ఆషాఢ బహుళ ఏకాదశి

పన్నెండూ అందాయి. ఒక నిమిషం ఎనభై... కొట్టివేత కుదరదు కాబట్టి ఉండనిస్తున్నాను. రెండు నిమిషాల ఇరవై. అందాయి కాబట్టి సమయం గురించి హెచ్చరిక మాత్రమే, తప్పు లేదు.

ఎండ కాసింది. చాపలు ఆరేశాను. పెట్టెలో అడుగున ఉన్న కాయితం తీశాను. ఏడాదిన్నరగా అక్కడే ఉంది. మొదటి మూడు వాక్యాలు మాత్రమే చదివి మడిచి పెట్టిన కాయితం. ఇవాళ మొత్తం చదివాను.

తాయారు శిబిరానికి వెళ్ళిన మూడో నెలలో చనిపోయింది. 39వ ఏడు, మాఘం. నిద్రలో ఊపిరి ఆగింది. శిబిరంలో ఎవరు పోయినా డాక్టరు కోసి చూసి కాయితం రాయాలి. అందులో ఇలా ఉంది: "వెనక మెదడు కింది అంచు కపాలం అడుగున ఉన్న రంధ్రంలోంచి పదకొండు మిల్లీమీటర్లు కిందికి జారి, బిగుసుకుని ఉంది. పుట్టుకతో వచ్చినదై ఉండవచ్చు. నిద్రలో ఊపిరి ఆగడానికి ఇదే కారణమై ఉండవచ్చు. మతి సడలిన గుర్తులు మెదడులో ఎక్కడా కనబడలేదు."

మా గేజీల్లో ఒక సెంటీమీటరు లోపు తేడాని పట్టించుకోం. దాటితే రాయాలి. ఇది దాటింది.

ఆమె పదహారేళ్ళు ఈ లాకులో పనిచేసింది. తెల్లవారు వంతు ఆమెది, పగటి వంతు నాది. ఉదయం తొమ్మిదికి ఆమె చెప్పేది, నేను వినేవాణ్ణి. పధ్నాలుగేళ్ళు ఒక్క అంకె తప్పలేదు. తర్వాత తలనొప్పి. తర్వాత గ్లాసులు చేతిలోంచి జారడం. చదివిన పేజీనే మళ్ళీ చదవడం. మాట మొదలుపెట్టి, ఏం చెబుతున్నానండీ అని నన్నే అడగడం. కట్ట మీద ఆసుపత్రిలో జబ్బు తేల్చే యంత్రం ఉంది, ప్రశ్నల పెట్టె అంటాం, దాని ముందు కూర్చోబెట్టాను. నలభై ప్రశ్నలు అడిగి, "అలసట, దిగులు" అని చీటీ ఇచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకుని, ఆ ఉదయం తప్పిన అంకెలతో సహా పన్నెండూ వరసగా చెప్పింది. అడగకుండానే చెప్పింది. నాకు వినిపించాలని.

"పడుకుంటే వస్తాయి, నిలబడితే రావా? శ్రద్ధ లేదను," అన్నాను.

గోడ వైపు తిరిగింది. అంతే జరిగింది.

ఆషాఢ బహుళ ద్వాదశి

పన్నెండూ అందాయి. మందుల పడవ వచ్చింది. దానితో డాక్టరు కస్తూరి గారు. నెలకు ఒకసారి, రెండు గంటలు, ఆరు లాకుల జనానికి ఆవిడే. వరుస అయ్యేదాకా ఆగి రత్నాన్ని తీసుకెళ్ళాను.

డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. దగ్గమంది. రత్నం దగ్గి తల పట్టుకుంది. గీత మీద నడవమంది. మూడో అడుగులో తూలింది. కళ్ళు మూసుకుని ముక్కు ముట్టుకోమంది. వేలు బుగ్గకు తగిలింది.

"ముక్కు మారిపోయిందండి," అంది రత్నం.

"నవ్వకు. నొప్పి వస్తుంది," అంది డాక్టరు. నా వైపు తిరిగింది. "మీ ఆవిడ కాయితం రాసింది నేనే. చదివారా?"

"నిన్న."

ఆవిడ రత్నం మెడ వెనక వేళ్ళతో తడిమి చూసింది.

"ఇదీ అదేనా?" అన్నాను.

"ఫోటో తీస్తేగానీ చెప్పలేను. మెరకలోనే తీస్తారు. కియారి అంటారు దీన్ని, పాతకాలం డాక్టరు పేరు. వెనక మెదడు తూలకుండా నడవడానికే అనుకుంటారు అందరూ. మాట వెనక మాట అందించేది, అంకెల్ని వరసలో పెట్టేది, ఆలోచన అడుగులు సర్దేది కూడా అదే. గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడు చుట్టూ ఉన్న నీరు వెన్నులోకి దిగి మళ్ళీ పైకి ఎక్కాలి. ఇక్కడ ఇది జారి అడ్డం పడింది. మీ షట్టరు సగం దిగినట్టు."

"అంటే నాకు పిచ్చి కాదాండి?" అంది రత్నం.

"కాదు. నీకు తెలిసింది తెలిసినట్టే ఉంది. బయటికి రావడం కష్టమవుతోంది. తల వెనక్కి వాల్చినా, అరిచినా ఇంకా బిగుసుకుంటుంది. పడుకుంటే కొందరికి తేలిక. అందరికీ కాదు."

"రోజూ తొమ్మిదింటికి నేను సేసేది ఆ రెండేనండి," అంది రత్నం. "తల వాల్చడం, అరవడం."

డాక్టరు నన్ను చూసింది. నేను తల దించాను.

ఎముక కొంచెం తొలిచి చోటు చేసే ఆపరేషను ఉందని చెప్పింది. నొప్పి చాలావరకు తగ్గుతుందట. మాటలూ జ్ఞాపకమూ ఎంత వెనక్కి వస్తాయో ముందే చెప్పలేరట. మెరక ఆసుపత్రికి పడవలో చోటు ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే ఇస్తారు. "మతి సడలింది" అని రాసినవాళ్ళు శిబిరానికి పోతారు. శిబిరంలో మంచాలుంటాయి, వైద్యం ఉండదు.

"పేరు రాసుకున్నాను. అయిదారు రోజుల్లో చోటు పంపిస్తాను," అంది డాక్టరు. "ఈలోగా మూడో తప్పు పడకూడదు. పడితే నా చేతుల్లో ఉండదు."

ఆషాఢ బహుళ చతుర్దశి

అందింది, తప్పుతో. నాలుగో అంకె రెండుసార్లు చెప్పి అయిదోది మరచింది. రెండో తప్పు. రాసింది నేను.

సూపరింటెండెంటు అబ్బులు గారి గదికి వెళ్ళాను. భారీ మనిషి. మంచివారు. కుర్చీ లోంచి లేవడానికి రెండు చేతులూ కావాలి.

"రేపు అమావాస్య. పోటు నాలుగు మీటర్లు దాటుద్ది. పైనించి వరద. ఇప్పుడు వచ్చారేంటండి ఈ గొడవతో?"

"రేపు ఆమె బదులు ఇంకొకరిని నిలబెట్టండి."

"రెండు తప్పులు పడ్డాక వంతు తప్పించుకుంటే అదే మూడో తప్పు. మీకు తెలీదా?"

"అయితే పడుకుని చెప్పనివ్వండి. బురుజు కింద బల్ల ఉంది. వెల్లకిలా పడుకుంటే మెడ వంచకుండానే గడియారాలు కనబడతాయి."

ఆయన నవ్వబోయి ఆగారు. నేను నవ్వడం లేదు.

"నిలబడి అని ఉందండి రూల్లో."

"ఎందుకు నిలబడాలో ఉందా?"

"ఉండదు. ఇవాళ ఈవిడ పడుకుంటానంటది. రేపొకడు కూకుంటానంటాడు. ఎల్లుండి ఇంకోడు ఇంటి కాడ్నుంచే కేకేత్తానంటాడు. అప్పుడు కట్టని ఎవరు సూత్తారు, మీరా?" ఒక నిమిషం కాగితాలు సర్దారు. "చంద్రం గారూ, ఒక మాటంటాను, ఏవనుకోకండి. మీ ఇంటావిడ ఇషయంలో ఈ మాట అడగలేదే మీరు?"

"అప్పుడు తెలియదు."

"ఊఁ," అన్నారు.

రేపు వినేది నేనే. ఆమె ఎన్ని చెప్పినా "అందింది" అంటే చాలు. ఎవరికీ తెలియదు. మిగిలిన అంకెలు నేనే పైకి చూసి రాసుకోగలను. ఇంటికి వచ్చి అన్నం వార్చేంతసేపూ ఇదే ఆలోచించాను. కట్ట తెగింది కూడా ఇలా నింపిన అంకెల వల్లే. అబద్ధం రాయను. రాయకపోతే ఆమె శిబిరానికి వెళుతుంది. అక్కడ ఏమవుతుందో కాయితం నా పెట్టెలో ఉంది.

ఆషాఢ అమావాస్య

మధ్యాహ్నం రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు.

తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు బురుజు దగ్గరకు వెళ్ళాను. తూర్పుగాలి. సముద్రం నిండుగా ఉంది. నది వైపు ఎర్రనీళ్ళు మడుగు గట్టు దాకా వచ్చాయి. మూడో షట్టరు ఎత్తి లోపలి వరదను సముద్రంలోకి వదలాలి. బయటి నీరు లోపలి నీటి కంటే తక్కువ ఉంటేనే ఎత్తాలి. బయటిది ఏడో ముల్లు చూపుతుంది, లోపలిది ఎనిమిదో ముల్లు.

రత్నం నిలబడింది. తల వాల్చింది. చూసింది. నా వైపు తిరిగి మొదలుపెట్టింది. ఆరు దాకా వచ్చింది. ఆగింది. పెదవులు కదులుతున్నాయి. చెయ్యి మెడ వెనక్కి పోయింది. తొంభై సెకన్లు దాటాయి.

"రాసేయండి బాబాయిగారూ," అంది. ఏడవలేదు. "పెట్టె సర్దుకునే వచ్చాను."

నేను "అందింది" అనలేదు. ఆ మాట అనేదాకా ఒప్పగింత ముగియదు.

"పడుకో," అన్నాను.

"ఆయ్?"

"బల్ల మీద. వెల్లకిలా. ఎంతసేపైనా ఫరవాలేదు. చూసి, నెమ్మదిగా చెప్పు. నేను వంగి వింటాను. అరవక్కర్లేదు."

పడుకుంది. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చాలాసేపు పైకి చూసింది. ముఖంలో బిగువు కొంచెం కొంచెంగా వదిలింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఒకటి నుంచి ఆరు. ఏడు వదిలి, ఎనిమిది నుంచి పన్నెండు. ఒక్కటీ తడబడలేదు.

"ఏడు?"

"నాలుగూ సున్నా రెండు అని ఉందండి. అది మటుకు తప్పండి."

"ఎందుకు?"

"మిగిలినయ్యన్నీ కదులుతున్నాయి. కొంచెం పైకి, కొంచెం కిందికి, అల వచ్చినప్పుడల్లా. ఊపిరి తీసినట్టు. ఏడోది కదలట్లేదండి. ఇందాకట్నుంచీ సూత్తన్నాను. ఒక్క ఎంట్రుకంత కూడా లేదు."

తల ఎత్తి చూశాను. నాలుగు సున్నా రెండు. నిలబడి మెడ వాల్చి చూసేవాళ్ళు ఒక్కో ముల్లునీ రెండు మూడు సెకన్లు చూస్తారు. అంతకంటే ఎవరికీ ఓపిక ఉండదు. రెండు సెకన్లలో ఏ ముల్లూ కదిలినట్టు కనబడదు.

సముద్రం వైపు మెట్లు దిగాను. గోడకు పాత రాతి గేజి ఉంది. ఎవరూ చూడరు. నాచు చేత్తో తుడిచి చదివాను. నాలుగు పాయింటు రెండు నాలుగు. లోపల నాలుగు పాయింటు ఒకటి ఒకటి. ముల్లును నమ్మి షట్టరు ఎత్తి ఉంటే సముద్రం మడుగులోకి వచ్చేది.

మెట్ల మీద కూర్చున్నాను. కాళ్ళు తడిశాయి.

39వ ఏడు, కార్తీక అమావాస్య. ఇదే చోటు, ఇదే గాలి, ఇదే వేళ. తాయారు అప్పటికే రెండు తప్పులతో ఉంది. ఆ ఉదయం నేను వచ్చేసరికి ఇదే బల్ల మీద పడుకుని ఉంది. ఎవరైనా చూస్తారు, లే, అన్నాను. లేచి నిలబడి పదకొండు అంకెలు చెప్పింది. ఏడోది అడిగితే, "ఏడోది చెప్పను. అది నిద్రపోతోంది," అంది. అంకె చెప్పమన్నాను. "నిద్రపోతున్నదాని మాట నన్నడిగితే ఎలాగండీ," అంది. నేను పైకి చూశాను. ముల్లు నాలుగు సున్నా ఒకటి మీద ఉంది. నాకు స్పష్టంగా కనబడింది. "ఒక అంకె చెప్పలేదు, పొంతన లేని మాట ఆడింది," అని రాశాను. మూడో తప్పు. తర్వాత షట్టరు ఎత్తాను. అయిదు రోజులు మడుగు నీళ్ళు ఉప్పెక్కాయి. కారణం తేలలేదని అప్పుడు నేనే రాశాను.

ఆమె అయిదో రోజు వెళ్ళింది. ఉప్పు నీళ్ళతో వండిన అన్నమే తిని వెళ్ళింది.

పైకి వచ్చాను. రత్నం ఇంకా పడుకునే ఉంది.

"అందింది," అన్నాను.

పట్టిన సమయం ఇరవై మూడు నిమిషాలు. భంగిమ: పడుకుని. రెండూ రాశాను. షట్టరు ఎత్తలేదు.

శ్రావణ శుద్ధ పాడ్యమి

అబ్బులు గారు పుస్తకం చూశారు. మొదట కోప్పడ్డారు. ఏడో గడియారాన్ని ప్రతి నెలా తనిఖీ చేసి సంతకం పెట్టేది ఆయనే. తనిఖీ ఆటు సమయంలో చేస్తారు. అప్పుడు ముల్లు బాగానే తిరుగుతుంది.

"రెండేళ్ళ నుంచి ఇది ఇలాగే ఉందని రాశారంటే నా పీక కోసినట్టే," అన్నారు.

"నా పేరు కూడా రాశాను. షట్టరు ఎత్తింది నేను."

"మీరు రాసుకోండి, మీకేవండి. నాకు ఇద్దరాడపిల్లలు."

"ఇవాళా పోటు ఉంది. ఒకసారి పడుకుని చూడండి. తర్వాత మీ ఇష్టం."

పదిహేను నిమిషాలు బతిమాలాను. నాకు బతిమాలడం రాదు. అందుకే కాబోలు ఒప్పుకున్నారు. ఎనిమిదిన్నరకు బల్ల మీద పడుకున్నారు. బల్ల మూలిగింది. రత్నం దూరంగా నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే. నీకు నెప్పి, నాకు సిగ్గు," అన్నారు ఆయన పైకి చూస్తూనే. "ఎవరైనా సూత్తే పోయాననుకుంటారు. ఇన్నేళ్ళకి నా జోకులకి నవ్వే మనిషి ఒక్కత్తి దొరికితే దానికీ నవ్వకూడని రోగం."

తర్వాత పైకే చూస్తూ ఉన్నారు. పావుగంట. నీళ్ళు నాలుగు మీటర్లు దాటిన వేళ ఆయన ఎడమచెయ్యి మెల్లగా లేచింది. వేలు ఏడో గడియారం వైపు చూపిస్తూ గాలిలో ఆగింది.

"ఆగిపోయిందండి," అన్నారు. "నా కళ్ళ ముందే ఆగిపోయింది."

మధ్యాహ్నం ఆటులో ఏడో ముల్లును కదిపే, నీటి మీద తేలే గుండు ఉన్న గొట్టం తెరిచాం. నాలుగు మీటర్ల ఎత్తున లోపల గుల్లలు పట్టాయి. గుండు అక్కడికి వచ్చి ఇరుక్కుంటోంది. చోటు ఇరుకు. మిల్లీమీటర్లలో తేడా. గుల్లలు గీకడానికి పొడుగు చేతి పనివాడు కావాలి. వానలు తగ్గాక పంపుతారట.

రత్నం పేజీలో అబ్బులు గారు స్వయంగా రాశారు: "మూడో తప్పు లేదు. వ్యాధి. మెరక ఆసుపత్రికి పంపవలెను."

కొట్టివేత కుదరదు కాబట్టి కింది మాట ఈ పేజీలోనే రాస్తున్నాను. 39వ ఏడు, కార్తీక అమావాస్య నాడు నా భార్య మంగతాయారుకి పడిన మూడో తప్పు తప్పు. ఆమె చెప్పింది సరైనది. విన్నది నేను. రాసింది నేను.

శ్రావణ శుద్ధ చవితి

పడవ వచ్చింది. రత్నానికి అడుగున చాప పరిచి పడుకోబెట్టారు. ఆమె అత్త ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

"మిరపకాయలు కూడా పెట్టానండి పెట్టెలో," అంది అత్త నాతో. "పేరు గుర్తుంచుకుంటదని."

"మా అత్త బతకనివ్వదండి," అంది రత్నం పడుకునే. తర్వాత గొంతు తగ్గించింది. "బాబాయిగారూ, పిన్నిగారికి కూడా ఇదేనంట గదండి. డాక్టరుగారు సెప్పింది."

"అవును."

"ఆవిడ బల్ల మీద పడుకుంటే మీరు లేపేసేవోరంట. అబ్బులుగారన్నారు."

"అవును."

ఆమె చెయ్యి చాపింది. ఈసారి పట్టుకున్నాను. పడవ కదిలేదాకా.

శ్రావణ శుద్ధ త్రయోదశి

తెల్లవారు వంతు నేను చేస్తున్నాను. తొమ్మిదికి అబ్బులు గారికి ఒప్పజెబుతున్నాను. పన్నెండూ ఇచ్చాను. ఈ నాలుగైదు రోజులు నీళ్ళు నాలుగు దాటడం లేదు.

డాక్టరు కస్తూరి గారి ఉత్తరం వచ్చింది. ఫోటో తీశారు. ఎనిమిది మిల్లీమీటర్లు. వచ్చే వారం ఆపరేషను. "హామీ ఇవ్వలేను, అవకాశం ఉంది," అని రాసింది. కింద ఇంకో వాక్యం: "శిబిరంలో ఉన్న మిగతావాళ్ళకి కూడా ఫోటోలు తీయించమని అడిగాను. మీరు రత్నంతో పంపిన పేజీల నకలు జతపరిచాను. నలభై ముగ్గురున్నారు."

ఉత్తరం తాయారు కాయితంతో కలిపి మడిచాను. పెట్టెలో పైన పెట్టాను.

శ్రావణ పౌర్ణమి

ఎనిమిదిన్నర నుంచి బల్ల మీద పడుకున్నాను. నాకు ఏ జబ్బూ లేదు. అబ్బులు గారు చూసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళారు. పైన పన్నెండు ముళ్ళూ అలలతో పాటు కదులుతూ ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు ఈ బురుజు కింద పనిచేసి, ఇవి కదలడం ఇదే మొదటిసారి చూడడం. తాయారు రోజూ చూసేది. ఒకసారి నాతో అనబోయింది కూడా. పని ఉందన్నాను.

తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుండగా ఏడోది ఆగింది.

లేచి నిలబడి అబ్బులు గారి వైపు తిరిగాను. ఒకటి నుంచి ఆరు చెప్పాను. ఎనిమిది నుంచి పన్నెండు చెప్పాను.

"ఏడు?" అన్నారు ఆయన.

"ఏడోది చెప్పను. అది నిద్రపోతోంది."

ఆయన పెన్ను ఎత్తి అలాగే ఉండిపోయారు.

"ఎలా రాయమంటారండి?"

"చెప్పింది చెప్పినట్టు."

రాశారు. సిరా ఆరేదాకా ఊదారు. పుస్తకం మూయకుండానే నా వైపు చూశారు.

"అందింది," అన్నారు.

విశేషాలు: మూడో షట్టరు ఎత్తలేదు. మడుగు నీళ్ళు రుచి చూశాను. ఉప్పు లేదు.